నిప్స్ షీటులో "ఏడుపు: 0" అని రాసే ముందు

అడిగిన ప్రశ్న: "అక్కా, నేను ఎస్ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో) చేరి మూడు నెలలైంది. ప్రతి షిఫ్టులో పిల్లలకి నిప్స్ స్కోరు (పసిబిడ్డ నొప్పికి 0 నుంచి 7 దాకా వేసే అంకె) రాయమంటున్నారు. నిన్న ఒకే బిడ్డకి నేను 6 వేస్తే, నాతో డ్యూటీలో ఉన్న సిస్టర్ 3 వేసింది. వెంటిలేటర్ మీదున్న బిడ్డకైతే ఎప్పుడూ 0 లేదా 1. ఏడవని బిడ్డకి నొప్పి లేనట్టేనా? అసలు ఈ అంకెలకి అర్థం ఉందా, ఇన్‌స్పెక్షన్ కోసం షీటు నింపడమేనా?"

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పసిపిల్లల వార్డులో 21 ఏళ్లు చేశాను. ఆఖరి ఎనిమిదేళ్లుగా కొత్త స్టాఫ్‌కి నేర్పించేదే ఈ షీటు. నువ్వడిగినవి మంచి ప్రశ్నలు. నా మొదటి ఏడాది నాకు ఇవి తట్టను కూడా తట్టలేదు.

ముందు వెంటిలేటర్ బిడ్డ సంగతి తేలుద్దాం, ఎందుకంటే అది ఈ రాత్రి డ్యూటీ నుంచే దిద్దుకోగలిగిన తప్పు. ఊపిరి ట్యూబు స్వరతంత్రుల మధ్యలోంచి దిగుతుంది. అవి దగ్గరికి రాలేవు, శబ్దం పుట్టదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా మనకి వినబడేది మెషిన్ చప్పుడే. 1993లో కెనడాలో నిప్స్ తయారుచేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. అందుకే ఏడుపు కాలమ్ దగ్గర ఒక గమనిక పెట్టారు: ట్యూబు ఉన్న బిడ్డ నోరు తెరిచి ముఖమంతా కదిలిస్తుంటే దాన్ని శబ్దం లేని ఏడుపుగా లెక్కవేయవచ్చని. మన దగ్గర షీటుని జిరాక్సుల మీద జిరాక్సులు తీసేసరికి ఆ లైను ఎక్కడో ఊడిపోయింది. నేను చూసిన చాలా షీట్లలో అది లేదు. మీ షీటులో ఉందో లేదో చూడు. లేకపోతే పెన్నుతో రాసి అంటించు.

అది తెలియకముందు నేనూ ట్యూబు ఉన్న ప్రతి బిడ్డకీ ఏడుపు దగ్గర కళ్లు మూసుకుని సున్నా వేశాను. ఒకసారి రాత్రి మూడింటికి సక్షన్ (ట్యూబులోని కఫం లాగడం) చేస్తుంటే కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు టార్చి వేసి బిడ్డ ముఖం దగ్గరగా చూడాల్సి వచ్చింది. కిలో బరువు కూడా లేని పిల్ల. నోరు ఇంత తెరిచి, నొసలు ముడిచి, గడ్డం వణికిస్తూ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. అన్నాళ్లూ నేను సక్షన్ చేసేటప్పుడు చూసింది మానిటర్‌నే.

కాబట్టి ముఖం దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఈ విద్యలో ముప్పాతిక వంతు ముఖమే. 1987లో కెనడాలోనే రూత్ గ్రూనావ్, కెనెత్ క్రెయిగ్ అనే ఇద్దరు పరిశోధకులు మడమ గుచ్చేటప్పుడు పిల్లల ముఖాలని వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూస్తూ, ఏ కండరం ఎలా కదులుతోందో విడివిడిగా గుర్తించారు. తర్వాత వచ్చిన స్కేళ్లు చాలామటుకు ఆ పని మీద నిలబడ్డవే. అందులో మూడు కదలికలు నువ్వు కంఠస్థం చెయ్యి. కనుబొమలు కిందికి దిగి వాటి మధ్య కండ ఉబ్బుతుంది, నిలువు మడతలు పడతాయి. కళ్లు గట్టిగా బిగిసి, రెప్పల చుట్టూ గీతలు వస్తాయి. ముక్కు రెక్కల పక్క నుంచి నోటి చివరిదాకా దిగే మడత లోతవుతుంది. ఈ మూడూ ఒక్కసారే వచ్చి నిలిచాయంటే నొప్పేనని అనుకో, ఏడుపు వినబడినా వినబడకపోయినా. వీటికి తోడు నోరు పక్కలకి సాగడం, నాలుక దొప్పలా వంగి బిగుసుకోవడం, గడ్డం వణకడం కూడా కనబడొచ్చు. ఆకలికేడ్చే బిడ్డ నాలుక అలా బిగుసుకోవడం నేను పెద్దగా చూడలేదు, అది పాలకోసం వెతుకుతూ ఉంటుంది.

చిక్కేమిటంటే మన వార్డులో ఆ ముఖం కనబడదు. కామెర్లకి పెట్టే లైటు (ఫోటోథెరపీ) కింద కళ్లకి గంత ఉంటుంది, దాని కింద కనుబొమలు. ఊపిరికి సాయంగా గాలి పంపే సీప్యాప్ మాస్కు ముక్కు పక్కన మడతని కప్పేస్తుంది. ట్యూబు ప్లాస్టర్ పై పెదవినీ బుగ్గలనీ లాగి పట్టుకుంటుంది. కనబడనిదానికి సున్నా వేసి పారెయ్యకు. లైటు ఆపి గంత పక్కకి జరిపి చూడు. కుదరకపోతే కనబడే భాగాన్ని బట్టే చూసి, పక్కన "మాస్కు ఉంది" అని రాయి. వచ్చే షిఫ్టు సిస్టర్‌కి ఆ రెండు మాటలు ఎంతో పనికొస్తాయి.

ఇప్పుడు నీ 6, ఆమె 3. మీలో ఎవరూ తప్పు చేయలేదనుకుంటున్నాను. ఇద్దరూ వేరువేరు క్షణాలు చూశారు, అంతే. నువ్వు సూది గుచ్చుతుండగా చూసి ఉంటావు. ఆమె రక్తం తీసి, దూది పెట్టి, బిడ్డని చుట్టేశాక చూసి ఉంటుంది. నిప్స్‌ని గుచ్చకముందు, గుచ్చేటప్పుడు, గుచ్చాక, మూడుసార్లు వేయడానికే తయారుచేశారు. మనం షిఫ్టుకొకసారి వేసే అంకెగా మార్చేశాం. అందుకే స్కోరు పక్కన టైము, అప్పుడేం జరుగుతోందో రాయకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు.

రెండో కారణం ఇంకా మామూలుది. పెద్దగా ఏడుపు చెవిన పడగానే మిగతా కాలమ్‌లన్నీ చూడకుండానే ఒకటి ఒకటి వేసుకుంటూ పోతాం. ముఖం 1, ఏడుపు 2, ఊపిరి 1, చేతులు 1, కాళ్లు 1, మెలకువ 1, మొత్తం 7. కాళ్లు పొత్తిగుడ్డలో ఉన్నాయి, వాటిని ఎవరు చూశారు? నేను కొత్తవాళ్లకి చెప్పేది ఏడుపుని ఆఖర్న రాయమని. ముందు ముఖం, తర్వాత వేళ్లు, తర్వాత గుడ్డ విప్పి కాళ్లు, ఛాతీ, అప్పుడు ఏడుపు. వేళ్లు అన్నాను చూడు, చెయ్యి స్ప్లింట్‌కి (కదలకుండా పెట్టే బద్దకి) కట్టి ఉంటే మోచెయ్యి ముడిచిందా లేదా అన్నది తెలియదు. పిడికిలి తెలుస్తుంది. గట్టిగా బిగించిందా, లేక అయిదు వేళ్లూ చీపురులా విప్పి బిర్రుగా పెట్టిందా చూడు. రెండూ మంచివి కావు.

ఇద్దరూ ఒకే బిడ్డ దగ్గర చెరోపక్క నిలబడి, మాట్లాడుకోకుండా స్కోరు వేసి, తర్వాత కలిపి చూసుకోండి. పదిమంది పిల్లలకి అలా చేస్తే చాలు. తేడా ఒకటికి మించి రాకుండా పోతుంది. ఫోన్లో వీడియో తీసి నేర్చుకుందామని మాత్రం అనుకోకు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా అది చేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఒకటుంది, అది షీటులో లేదు. బిడ్డని తాకకముందు చూడాలి. వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే మంచం) దగ్గరికి వెళ్లగానే మన చెయ్యి ఊరుకోదు, ప్రోబు సర్దుతుంది, గుడ్డ లాగుతుంది. ఇక ఆ తర్వాత చూసినదంతా మన చేతికి వచ్చిన జవాబే. పావు నిమిషం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. వార్డులో అందరూ నవ్వుతారు. నవ్వనీ.

నెలలు నిండని బిడ్డల సంగతి వేరే చెప్పాలి. 28 వారాలకే పుట్టిన బిడ్డకి నొప్పి తక్కువ కాదు, చూపించే శక్తి తక్కువ. సూది గుచ్చాక కొన్ని సెకన్లు ఏమీ కనబడదు, మనం హమ్మయ్య అనుకుని పక్కకి తిరుగుతాం, అప్పుడు నొసలు ముడుస్తుంది. అదీ లీలగా. ఒక్కోసారి ఆ కాస్త కదలికకే అలిసిపోయి ఒళ్లు వదిలేస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది. నొప్పితో పడిపోయింది అనకుండా "హ్యాండ్లింగ్‌కి డీశాట్" అని రాసేస్తాం.

వాళ్ల కోసమే 1996లో బానీ స్టీవెన్స్ బృందం పిప్ అనే స్కేలు తెచ్చింది, అదీ కెనడా నుంచే. అందులో నాకు బాగా నచ్చే తెలివి ఒకటుంది. బిడ్డ ఎంత తక్కువ వారాలదైతే అన్ని ఎక్కువ పాయింట్లు ముందే కలుపుతారు. 28 వారాల లోపు అయితే 3, 36 దాటితే 0. గాఢంగా నిద్రపోతుంటే 3, మేలుకుని కదులుతుంటే 0. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఆలోచిస్తే న్యాయమే, చూపించలేనివాడికి ఆ మేరకు ముందే జమ కడుతున్నారు. గుచ్చకముందు 15 సెకన్లు, గుచ్చాక 30 సెకన్లు చూస్తారు. ఆ 30 సెకన్లలో నొసలు ఎంతసేపు ముడిచి ఉందో లెక్క. 21 సెకన్లు, ఆపైన అయితే పూర్తి 3 పాయింట్లు. గుండె వేగం, ఆక్సిజన్ కూడా చూస్తారు. మొత్తం 6 లోపు ఫరవాలేదు, 12 దాటితే గట్టి నొప్పి. హాయిగా ఉన్న బిడ్డకి కూడా వయసు పాయింట్లు పడిపోతున్నాయని తర్వాత 2014లో దిద్దారు. ముఖంలోనో మానిటర్‌లోనో ఏదో ఒకటి మారితేనే వయసు, నిద్ర పాయింట్లు కలుపుతారు. మీ యూనిట్‌లో 32 వారాల లోపు పిల్లలు ఎక్కువగా ఉంటే, ఇది పెట్టమని మీ పీడియాట్రీషియన్‌ని అడుగు. నిప్స్ నిండు నెలల బిడ్డలకి బాగానే ఉంటుంది. చిన్నవాళ్ల దగ్గర ఊరికే సున్నాలు ఇస్తుంది.

"ఏడవని బిడ్డకి నొప్పి లేనట్టేనా" అన్నావు. వైద్యలోకం మొత్తం అలాగే అనుకున్న రోజులున్నాయి, మరీ పాతకాలం కూడా కాదు. 1985లో అమెరికాలో ఒక నెలలు నిండని బాబుకి గుండె దగ్గర రక్తనాళం మూసే ఆపరేషన్ చేశారు, కండరాలు కదలకుండా చేసే మందు ఒక్కటే ఇచ్చి. మత్తు లేదు, నొప్పి మందు లేదు. బాబు తర్వాత చనిపోయాడు. తల్లి కేసు షీటు తెప్పించుకుని చదివి, విషయాన్ని బయటపెట్టింది. అక్కడ అది ఆ ఒక్క ఆసుపత్రి పద్ధతి కాదు. ఆ సమయానికే కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌లో సరిగ్గా ఇలాంటి పిల్లల మీదే పనిచేస్తున్నాడు. మన ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి వెళ్లినాయన. ఇదే ఆపరేషన్‌లో ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన పిల్లల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు తక్కువ పెరిగాయని, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా తక్కువని 1987లో చూపించాడు. కదలని బిడ్డ లోపల ఏం జరుగుతోందో రక్తం చెప్పిందన్నమాట.

ఇప్పటికీ మన ముందు అదే గోతి ఉంది. కండరాలు సడలించే మందు నడుస్తున్న బిడ్డకి ఏ స్కేలు వేసినా సున్నానే. ఆ షీటులో సున్నా రాయకు, "స్కోరు వేయడం కుదరదు, రిలాక్సెంట్ నడుస్తోంది" అని రాసి, గుండె వేగం, బీపీ పక్కన రాసి డాక్టరుకి చెప్పు. మిడజోలం కూడా మోసగత్తే. అది నిద్ర తెస్తుంది, నొప్పి తగ్గించదు. ఫిట్స్‌కి ఫినోబార్బిటోన్ లోడ్ చేసిన బిడ్డ, పుట్టగానే ఏడవక మెదడు దెబ్బతిన్న బిడ్డ, వీళ్ల ముఖం మీద నమ్మకం పెట్టుకోలేం. ఇలాంటివాళ్లకి మత్తునీ నొప్పినీ విడివిడిగా లెక్కవేసే ఎన్‌పాస్ అనే స్కేలు ఉంది. మత్తుకి మైనస్ అంకెలు, నొప్పికి ప్లస్ అంకెలు.

ఇంకోటి, రోజుల తరబడి ఉండే నొప్పి. సూది నొప్పికి బిడ్డ తిరగబడుతుంది. పేగు వాచి పొట్ట ఉబ్బిన బిడ్డ, ఆపరేషన్ అయి రెండో రోజున్న బిడ్డ తిరగబడటం మానేస్తాయి. కట్టెలా పడుకుంటాయి. చూపు ఎటో ఉంటుంది, నిద్ర పది నిమిషాలకోసారి చెదురుతుంది, ఎత్తుకున్నా ఒదగవు. "మంచి బిడ్డ, అస్సలు గోల లేదు" అని హ్యాండోవర్‌లో ఎవరైనా చెబితే నాకు భయం వేస్తుంది. ఫ్రాన్స్‌వాళ్లు 2001లో తెచ్చిన ఎడిన్ స్కేలులో సూది ప్రస్తావనే లేదు. గంటల తరబడి చూసి నిద్ర ఎలా ఉంది, మనిషి దగ్గరికి వస్తే ఎలా ఉంది, ఊరడిస్తే ఊరుకుంటోందా అని అడుగుతుంది. మీ షీటులో లేకపోయినా షిఫ్టు ఆఖర్న ఈ మూడు ప్రశ్నలూ నీకు నువ్వే వేసుకో.

ఏడ్చేవాళ్లంతా నొప్పితో ఏడుస్తున్నారని మాత్రం కాదు. ఆకలి ఏడుపు మెల్లగా మొదలై పెరుగుతుంది, చెయ్యి నోటికి పోతుంది, బుగ్గ తాకితే అటు తిరుగుతుంది. నొప్పి ఏడుపు ఒక్కసారిగా హెచ్చు స్థాయిలో మొదలవుతుంది, మొదటి ఏడుపు సాగి, ఊపిరి ఆగి, మళ్లీ అందుకుంటుంది. పాలు పట్టి, తడిగుడ్డ మార్చి, వెచ్చగా గుండెకి ఆనించుకున్నా ఆగకపోతే బట్టలన్నీ విప్పి తల నుంచి కాలివేళ్ల దాకా చూడాల్సిందే. చంకల కింద పట్టి ఎత్తగానే కేకపెట్టి, ఒక చెయ్యే ఆడిస్తుంటే కాన్పులో మెడ కింది కాలర్ బోన్ విరిగి ఉండొచ్చు. కాలివేలికి వెంట్రుక చుట్టుకుని బిగిసిన బిడ్డని నేను రెండుసార్లు చూశాను. ఒకసారి అమ్మమ్మ అప్పటికే రెండుసార్లు దిష్టి తీసి, వాము నీళ్లు పట్టడానికి సిద్ధంగా ఉంది. ఆమెని తప్పుపట్టను, ఏదో అయిందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆమే.

స్కోరు వేశాక ఏం చేయాలన్నది నువ్వడగలేదు, కానీ అది లేకపోతే నిజంగానే షీటు నింపడమే అవుతుంది. నిప్స్ 3 దాటితే ఏదో ఒకటి చేయాలి, చేసి మళ్లీ స్కోరు వేయాలి. చేయదగ్గవి మన చేతుల్లోనే చాలా ఉన్నాయి. టీకా, రక్తపరీక్ష లాంటివాటికి నిండు నెలల బిడ్డ అయితే తల్లి దగ్గర పాలు తాగుతుండగా గుచ్చడమంత మంచిది ఇంకోటి లేదు. చిన్నబిడ్డ అయితే కంగారూ కేర్‌లో తల్లి గుండెల మీద ఉండగానే చేయొచ్చు. తల్లి లేకపోతే ఇంకో సిస్టర్ రెండు అరచేతులతో తలనీ, ముడిచిన కాళ్లూ చేతులనీ పొదివి పట్టుకోవాలి. తీపి చుక్కలు ఇస్తే గుచ్చడానికి రెండు నిమిషాల ముందు నాలుక మీద వేయాలి, ట్యూబులోంచి పొట్టలోకి పోస్తే పనిచేయదు. పుస్తకాల్లో 24 శాతం సుక్రోజ్ అని ఉంటుంది, మన దగ్గర దొరికేది ఎక్కువగా 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఆంపూలు. ఎన్ని చుక్కలన్నది బరువుని బట్టి డాక్టరు ఆర్డరు ఉండాలి. తీపే కదా అని ఇంట్లోవాళ్లు తేనె నాకిస్తామంటే ఒప్పుకోకు, ఏడాది లోపు బిడ్డకి తేనె వల్ల బొట్యులిజం రావచ్చు.

తీపి గురించి ఒక హెచ్చరిక. 2010లో లండన్‌లో మడమ గుచ్చేటప్పుడు పిల్లల మెదడు తరంగాలు కొలిచారు. సుక్రోజ్ ఇచ్చిన పిల్లల ముఖంలో నొప్పి తగ్గింది, పిప్ స్కోరు తగ్గింది. మెదడులో నొప్పికి లేచే అల మాత్రం దాదాపు అలాగే ఉంది. దాని అర్థం ఏమిటన్న వాదం ఇంకా నడుస్తోంది. నేనైతే తీపి ఇవ్వడం మానలేదు. అది ఉంది కదా అని నాలుగోసారి గుచ్చడం మానేశాను. పారిస్ ప్రాంతంలో 430 మంది పిల్లలని చూస్తే ఐసీయూలో మొదటి రెండు వారాలూ ఒక్కో బిడ్డకి రోజుకి సుమారు పది నొప్పి పనులు జరిగాయని 2008లో లెక్క తేలింది, అయిదింట నాలుగు వంతులు నొప్పికంటూ ఏ మందూ లేకుండానే. కాబట్టి రెండు శాంపిళ్లు ఒకే గుచ్చుతో తియ్యి. మడమ పిండకు, గుచ్చడం కంటే పిండడం ఎక్కువ బాధ. నిండు నెలల బిడ్డకి చెయ్యి తిరిగిన సిస్టర్ నరంలోంచి తీస్తేనే మడమకంటే నొప్పి తక్కువ. ప్లాస్టర్ తడిపి తియ్యి.

ఇక అంకెలకి అర్థం ఉందా అన్న ప్రశ్న. నేను మూడో ఏడాది డ్యూటీలో ఉండగా, వేరే ఊళ్లో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, 34 వారాల బాబు ఉండేవాడు. ఎడమ పాదానికి కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం), స్ప్లింటు, దాని మీద ప్లాస్టర్. యాంటీబయోటిక్, డ్రిప్పు అందులోంచే. పొద్దున స్కోరు 2. అప్పుడప్పుడూ ముఖం ముడుస్తున్నాడు 1, చిరాగ్గా ఉన్నాడు 1. పాలకోసం అనుకున్నాం. పదకొండింటికి తల్లి పిండిన పాలు తెచ్చి వార్మర్ పక్కన నిలబడింది. మొహమాటంగా అడిగింది, "సిస్టర్, వీడు రోజూ స్ప్లింటుతో సహా రెండు కాళ్లూ తంతాడు కదా, ఇవాళ ఎడమది ఎత్తట్లేదేంటి?" ప్లాస్టర్ విప్పితే పాదం ఉబ్బి, చర్మం తెల్లగా బిగిసి, చల్లగా ఉంది. డ్రిప్పు నరం బయటికి పోతోంది, ఎంతసేపటి నుంచో. కాన్యులా తీసేసి డాక్టర్‌ని పిలిచాం. మానడానికి పదిరోజులు పట్టింది, మచ్చ మిగిలింది. పొద్దుటి షీటులో కాళ్ల కాలమ్ దగ్గర "0, రిలాక్స్‌డ్" అని ఉంది. ఆ చేతిరాత నాదే.